నార్మల్ అని రాసిన పాదాలు

నా ఉద్యోగంలో 'నార్మల్' అన్న మాట ఎన్నిసార్లు టైపు చేశానో లెక్క లేదు. ఆ మాట వినగానే చాలామంది దండం పెట్టి, చెప్పులు వేసుకుని, హాయిగా వెళ్ళిపోయేవారు. ఒక్క మనిషి మాత్రం విన్న తర్వాత బల్ల దిగలేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఎప్పుడు కలిసినా "మీరు మర్చిపోలేని కేసేది మేడమ్?" అని అడుగుతారు. వాళ్ళకి పుస్తకాల్లో లేని జబ్బేదో కావాలి. నా దగ్గరున్నది నేను చేసిన తప్పు. ఆ జబ్బు పుస్తకంలో ఉంది. నేను చదివాను కూడా. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా వస్తే రాసి, హాలు బయటికి రాగానే మర్చిపోయాను.

విశాఖపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో నరాల పరీక్ష చేసే టెక్నీషియన్‌ని నేను. రోగుల భాషలో 'కరెంటు పెట్టే మేడమ్'ని. కాలి మీద ఒకచోట చిన్న షాకు ఇస్తాం. ఆ నరం మీదే ఇంకోచోట అంటించిన బిళ్ళ, ఆ కబురు ఎంత తొందరగా, ఎంత బలంగా వచ్చిందో పట్టుకుంటుంది. తెర మీద ఒక అల లేస్తుంది. అల నిటారుగా, వేళకి లేచిందంటే నరం బాగున్నట్టు. నాకు పని నేర్పిన పెద్దాయన మొదటిరోజే చెప్పారు: "రోగి మొహం చూడకమ్మా, తెర చూడు. మొహాలు చూస్తే చెయ్యి వణుకుతుంది." మంచి సలహాయే. నా చెయ్యి ఎప్పుడూ వణకలేదు. మొహాలు కూడా ఎక్కువ చూడలేదు.

మా గది వరండా చివర ఉండేది. కిటికీ లేదు. ఏసీ, లైటు, మిషను, బల్ల, తెల్లటి మొజాయిక్ నేల. తలుపు వేస్తే బయటి చప్పుడు బొత్తిగా వినపడదు. మనిషికి ఇరవై నిమిషాలు. ఆ వేగానికి నాకు లోపల్లోపల గర్వంగా ఉండేది.

ఆ బల్ల దిగని మనిషి మొదటిసారి వచ్చింది జనవరిలో. నలభై దాటిన మనిషి, పొడుగరి, భార్యతో వచ్చాడు. పోర్టులో ఒక కాంట్రాక్టరు కింద సిగ్నల్‌మేన్. ఓడ డెక్కు మీద, సరుకు దింపే పెద్ద గొయ్యి అంచున నిలబడి, పైనున్న క్రేను డ్రైవరుకి చేతి సైగలతో చెప్పే పని. గొయ్యిలో ఏముందో డ్రైవరుకి కనపడదు. ఇతని చెయ్యి ఎత్తితే బరువు ఆగుతుంది, దించితే దిగుతుంది. కింద పదిమంది పని చేస్తుంటారు.

ఏసీ గదిలో, చల్లటి నేల మీద, అతను ఎండలో ఇసుక మీద నడిచేవాడిలా నడిచాడు. ఒక్కో పాదం అలా ఆనించి ఇలా తీసేస్తున్నాడు.

"ఏటయ్యా, ఏటి ఇబ్బంది?" అన్నాను, బిళ్ళలు అంటిస్తూ.

"కాల్లు మండతన్నాయమ్మా. రొండేల్లయింది. సీలమండ కాడ్నించి కిందకి నిప్పుల్లో పెట్టినట్టుంటాది. దుప్పటి తగిలితే పేణం పోతంది. ఫేను గాలి కూడా ఓర్సుకోలేను."

"బూట్లేసుకోలేడమ్మా," అంది భార్య. "బూట్లు లేకుండా డూటీకి రానివ్వరు. ఏసుకుంటే నిలబడలేడు. కూకుని సేసే పనిమ్మంటే, ఆసుపత్రి కాయితం తెమ్మన్నారు."

పరీక్ష మొదలెట్టాను. నా జీవితంలో అంత చక్కటి అలలు కొద్దిమందికే చూశాను. రెండు కాళ్ళూ, అన్ని నరాలూ, పాతికేళ్ళ కుర్రాడికి ఉండాల్సినట్టున్నాయి. సంతోషంగానే చెప్పాను. "ఏమీ లేదయ్యా. నీ నరాలన్నీ బంగారంలా ఉన్నాయి. నార్మల్."

అతను బల్ల మీదే కూర్చుండిపోయాడు. పాదాల వైపు చూస్తున్నాడు, పక్కింటివాళ్ళ కాళ్ళు చూసినట్టు.

"మరి మంటేటమ్మా?" అంది భార్య.

"అది డాక్టరు గారిని అడగండి," అని తరవాతి పేరు పిలిచాను.

ఏప్రిల్లో మళ్ళీ వచ్చారు. కంపెనీ డాక్టరు నా రిపోర్టు చూసి పనికి పనికొస్తాడని రాసేశాడట. డెక్కు మీద అందరూ ఇతను నాటకం ఆడుతున్నాడని అనుకుంటున్నారట. ఇంకొక్కసారి పరీక్ష చేయించమని తనే మా డాక్టరు గారిని బతిమాలుకున్నాడు. మనిషి సగమయ్యాడు. కళ్ళ కింద నల్లటి చారలు. నేను మిషను సిద్ధం చేస్తుంటే కూర్చున్నచోటే కునికిపాట్లు పడుతున్నాడు.

ఆ రోజు భార్య నా పక్కకొచ్చి, అతనికి వినపడకుండా ఒక మాట చెప్పింది.

"మేడమ్, మీకు సెప్పొచ్చో లేదో. మొన్న సందేల దోమల సుట్ట ఎలిగించి మంచం కింద పెట్టినాను. ఈయన మంచం మీద కూకుని టీవీ సూత్తన్నాడు. కాసేపటికి ఏదో కాల్తన్న వాసనొచ్చింది. పొయ్యి మీద ఏటైనా మాడిందేమో అని వొంటింట్లోకెల్లి సూసినాను. ఏటీ లేదు. బట్టలు సూసినాను, వైర్లు సూసినాను. వాసన ఎక్కువైపోతంది. తిరిగొచ్చి వొంగి సూద్దును కదా, ఈయన మడమ ఆ సుట్ట మీదుంది. నిప్పు మీద. పొగొస్తంది మేడమ్, కాల్లోంచి. ఈయన నవ్వుతా టీవీ సూత్తన్నాడు."

ఆమె గొంతు ఇంకా తగ్గించింది. "మా అత్తకి సెప్తే ఏదో పట్టిందంటంది. సింహాచలం తీసుకెల్లి మొక్కు కట్టించింది. నాకు బయమేస్తంది. మంట మంట అని ఏడ్సేవోడికి నిప్పు తెలకపోడమేటి?"

ఒళ్ళు జలదరించింది. ఆ మాట దాచను. కానీ నేనేం చేశానో తెలుసా? తాగి ఉంటాడులే అనుకున్నాను. ఆ మాట ఆమెతో అనలేదు కాబట్టి మర్యాదస్తురాలినని కూడా అనుకున్నాను. మడమ ఎత్తి చూడకుండానే తెర వైపు తిరిగాను. అలలు మళ్ళీ అంత చక్కగానే లేచాయి. నార్మల్ అని రాశాను. డాక్టరు గారు సంతకం పెట్టారు. ఆమె చెప్పింది ఎక్కడా రాయలేదు. రాయడానికి మా ఫారంలో గడి లేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం. భోజనాలవేళ, వరండాలో ఎవరూ లేరు. నేను గదిలో వైర్లు తుడుస్తున్నాను. తలుపు తెరుచుకుంది. అతనే. ఒక్కడే వచ్చాడు.

"మేడమ్, ఒక్క మాట. ఆ నార్మల్ అన్న మాట తీసీండి."

నేను చిరాగ్గా ఏదో అనబోయాను. అతను వినిపించుకోకుండా చెప్పుకుపోతున్నాడు. గొంతు మామూలుగా ఉంది, అరుపూ లేదు, ఏడుపూ లేదు.

"ఈ పొద్దున్న సెయ్యెత్తినాను. బరువు ఆపమని. ఆపినాడు డ్రైవరు. మరి దించలేదంట నాను. సెయ్యలాగే పైకి పెట్టి నిలబడిపోనానంట. కల్లు తెరిసే ఉన్నాయంట. నిద్రోయేను మేడమ్, నిలబడే. మొయ్యలేనంత బరువు, కిందున్నోల్ల నెత్తి మీద ఊగతా ఉండిపోయింది. కిందనుంచి అరుత్తన్నారు, పైనుంచి అరుత్తన్నారు. నాకు ఇనపల్లేదు. ఎవుడో వొచ్చి సెయ్యట్టుకుని కిందకి లాగితే అప్పుడు మెలుకువొచ్చింది. బూట్లక్కడే ఇడిసేసి వొచ్చీసినాను. ఇంక ఎల్లను. ఎవుడో సచ్చిపోతాడు నా వల్ల."

"కూర్చో ముందు," అన్నాను.

రెండడుగులు వేసి ఆగాడు. కిందకి చూశాడు.

"ఎవురో నీల్లు పోసినట్టున్నారు మేడమ్, జారతంది."

నేనూ చూశాను. తలుపు దగ్గర్నుంచి అతనున్న చోటు దాకా, తెల్లటి నేల మీద తడి అడుగులు. ఒక్కో అడుగు అంచున నల్లగా, జిగురుగా ఏదో ఉంది. తలుపు తీసి వరండాలోకి చూశాను. అక్కడా ఉన్నాయి, మెట్ల వైపు నుంచి వరసగా. చుట్టుపక్కల ఎక్కడా నీళ్ళు లేవు.

"ఎలా వచ్చావయ్యా?"

"నడిసొచ్చినాను. పోర్టు గేటు కాడ్నించి."

"చెప్పుల్లేకుండానా?"

"తగిల్తే ఓర్సుకోలేను కదమ్మా."

మే నెల, మిట్టమధ్యాహ్నం. మా ఊరి తారురోడ్డు ఆ వేళకి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అతన్ని పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టాను. పాదం ఎత్తి చూశాను. అరికాలి తోలు బొబ్బలెక్కి, చితికి, ఊడి వేలాడుతోంది. మడత మడతలో తారు. నేల మీది తడి నీళ్ళు కాదు.

"కాలుతున్నట్టు తెలియలేదా నీకు?" అన్నాను.

అతను నా వైపు ఓపిగ్గా చూశాడు, చిన్నపిల్లకి చెప్తున్నట్టు.

"తెలుత్తంది మేడమ్. మండతన్నాయి. ఇంట్లో మంచం మీదున్నా ఇలాగే మండతాయి. ఇక్కడా ఇలాగే మండతన్నాయి. తేడా ఏటి?"

అప్పుడు మొదటిసారి అతని మొహం సరిగ్గా చూశాను. అబద్ధం ఆడే మొహం కాదది. పిచ్చివాడి మొహమూ కాదు. నిజం మంటకీ, లేని మంటకీ మధ్య గోడ పడిపోయిన మనిషి మొహం.

నేను మిషన్ దగ్గరికి వెళ్ళలేదు. సూది, దూది, రెండు గాజు గొట్టాలు తీశాను. ఒకదానిలో ఫ్లాస్కులోని వేడినీళ్ళు, ఒకదానిలో ఫ్రిజ్‌లోని చల్లనీళ్ళు. కళ్ళు మూసుకోమన్నాను. ముందు మోచేతి మీద పెట్టాను. వేడి, చలి, ఠక్కున చెప్పాడు. మోకాలి కింద పెట్టాను, కొంచెం ఆలోచించి చెప్పాడు. తరవాత పాదం పైన, కాలని చోట. వేడి గొట్టం ఆనించాను.

"ఏదో తగిలింది. అంతే."

చల్లది ఆనించాను.

"అమ్మో, కాల్తంది! తీసీండి."

సూదిమొన ఆనించాను. "వేలెట్టినారు," అన్నాడు. దూదిపోగుతో మెల్లిగా, చాలా మెల్లిగా రాశాను. గట్టిగా కేకేసి కాలు వెనక్కి లాక్కున్నాడు. బల్ల కదిలిపోయింది. అతని కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

ఆ కిటికీ లేని గదిలో దూది పట్టుకుని నిలబడి ఉన్నాను. దూది కోస్తోంది. సూది వేలైపోయింది. మంచు కాలుస్తోంది. నిప్పు ఊరికే తగిలి పోతోంది. ఇన్నేళ్ళూ ఈ గదిలో మనుషుల కాళ్ళు పట్టుకుని కూర్చున్నాను కదా, నాకేం తెలుసని అనిపించింది. నాకు భయమేసింది. దెయ్యమంటే ఎలాంటి భయమో, అలాంటిదే.

అప్పుడు తట్టింది ఆ రెండు మార్కుల ప్రశ్న.

పుళ్ళకి కట్లు కట్టే నర్సుని పిలిచి అతన్ని అప్పగించాను. డాక్టరు గారి గదికి పరిగెత్తబోయేంతలో మా వార్డు ఊడ్చే ఆవిడ బకెట్టు, తుడుపుకర్ర పట్టుకుని వచ్చింది.

"తుడవొద్దు," అన్నాను.

"ఏటి మేడమ్ ఇది? రగతం కాదు, నీల్లు కాదు," అంది వంగి చూస్తూ. తలెత్తి నా మొహం చూసి, ఆ అడుగులు తొక్కకుండా ఒక పక్కకి జరిగి నిలబడింది.

మా డాక్టరు గారు టెక్నీషియన్లు చెప్పేది వినే మనిషి కాదు. అన్నం డబ్బా ముందు కూర్చుని ఉన్నారు. "సార్, మన రిపోర్టు తప్పు," అన్నాను.

"వేవ్స్ తప్పొచ్చాయా?"

"వేవ్స్ కరెక్టే సార్. మీరొచ్చి ఒకసారి నేల చూడండి."

ఏమనుకున్నారో, చెయ్యి కడుక్కుని వచ్చారు. వరండాలో సగం అడుగులు అప్పటికే ఎండిపోయాయి, నల్లటి అంచులు మాత్రం మిగిలాయి. ఆయన మెట్ల దాకా వెళ్ళి, ఆ వరస వెంట వెనక్కి నడిచి వచ్చారు. గదిలో ఆఖరి అడుగు దగ్గర గొంతుక్కూర్చున్నారు. నేనాయన్ని అలా కింద కూర్చోగా చూడటం అదే మొదలు.

"నరంలో అన్నీ ఒకే రకం పోగులు ఉండవు," అన్నారు ఆ నల్లటి అంచు చూస్తూ. నాకు చెప్తున్నారో తనకి తానే చెప్పుకుంటున్నారో తెలియలేదు. "తాకిడి చెప్పేవి లావు పోగులు. వేడి, చలి, నొప్పి చెప్పేవి వెంట్రుకలో వందో వంతు లేని సన్న పోగులు. మన మిషన్‌కి లావువాటి కబురే వినపడుతుంది. సన్నవి మొత్తం చచ్చిపోయినా అది నార్మల్ అనే అంటుంది."

"చచ్చిపోతే మంట ఎందుకు సార్?"

"చావబోయేవి ఊరుకోవమ్మా. ఏ నిప్పూ లేకపోయినా నిప్పు నిప్పు అని పైకి అరుస్తూనే ఉంటాయి. నిజంగా నిప్పు తగిలినప్పుడు చెప్పాల్సినవేమో అప్పటికే పోయుంటాయి." లేచి నిలబడి ప్యాంటు దులుపుకున్నారు. "ఈ మాట నేను ఏప్రిల్లో అనుకోవాల్సింది."

ఆయన నన్ను ఏమీ అనలేదు. భార్య చెప్పిన దోమల చుట్ట సంగతి అప్పుడు చెప్పాను. విని కళ్ళు మూసుకున్నారు. రాయకపోవడం నా తప్పు, అడగకపోవడం ఆయన తప్పు. ఇద్దరం సరిసమానంగా పంచుకున్నాం.

చీలమండ పైన మిరియపు గింజంత చర్మం తీసి వేరే ఊరి ల్యాబుకి పంపించారు. తొడ మీద నుంచి ఇంకో ముక్క. రిపోర్టు వచ్చాక డాక్టరు గారు నాకు బొమ్మలు చూపించారు. తొడ చర్మంలో సన్నటి పోగులు పైకి పాకుతూ కనపడుతున్నాయి. చీలమండ దగ్గర ముక్కలో ఒక్కటీ లేదు. చర్మం ఉంది, రక్తనాళాలు ఉన్నాయి, చెమట గ్రంథులు ఉన్నాయి. కబురు చెప్పేవాళ్ళు మాత్రం లేరు. మనుషులు వదిలేసి పోయిన వీధిలా ఉంది.

ఎందుకొచ్చిందో తేలలేదు. సుగరు అటూ ఇటూగా ఉంది, అదే కావచ్చన్నారు. అరికాళ్ళు మానడానికి నెలలు పట్టింది. ఎడమ కాలి చిటికెన వేలు తీసేశారు. తీసిన రోజు అతను అన్న మాట నర్సు నాకు వచ్చి చెప్పింది: "పోయిన ఏలు కూడా మండతంది, దానికీ మందెయ్యండి." మందులతో మంట సగం తగ్గింది. చర్మం రిపోర్టు చూశాక కాంట్రాక్టరు అతన్ని డెక్కు మీంచి తీసి సామాన్ల గదిలో కూర్చోబెట్టాడు.

నా రిపోర్టులు మాత్రం ఎవరూ రద్దు చెయ్యలేదు. అవి నిజమే కదా! ఆ తర్వాత నేను రాసిన ప్రతి రిపోర్టు కింద ఒక వాక్యం చేర్చేదాన్ని: ఈ పరీక్షలో సన్న పోగులు కనపడవు, రోగి మంట అంటే నమ్మవలెను. 'నమ్మవలెను' అన్నది డాక్టర్ల భాష కాదని మా సారు కొట్టేసేవారు. మళ్ళీ టైపు చేసేదాన్ని. కొన్నాళ్ళకి కొట్టెయ్యడం మానేశారు.

కథ ఇక్కడ ఆపితే మీకూ బాగుంటుంది, నాకూ బాగుంటుంది. కానీ పోయినేడు, నేను రిటైరయ్యాక, ఇంకొకటి జరిగింది.

భీమిలిలో మా పెద్దమ్మ కూతురి ఇంటికి వెళ్ళి తిరిగి వస్తూ బస్సు కోసం నిలబడి ఉన్నాను. సాయంత్రం నాలుగు. "మేడమ్!" అని పిలుపు. అతనే, పక్కన భార్య. ఒళ్ళు చేశాడు. మెత్తటి చెప్పులు వేసుకుని మామూలుగా నడుస్తున్నాడు. సముద్రం చూడ్డానికి వచ్చారట.

"నిద్ర పడతంది మేడమ్ ఇప్పుడు. అదే సాలు. ఉండండి, టీ తెత్తాను."

వద్దన్నా వినకుండా బడ్డీ దగ్గరికి వెళ్ళాడు. రెండు గాజు గ్లాసులు తెచ్చాడు, చేతికొకటి. నాకొకటి అందించాడు. పట్టుకున్నాను, వెంటనే బెంచీ మీద పెట్టేశాను. పొంగుతున్న పాత్రలోంచి అప్పుడే వడపోసిన టీ. వేళ్ళు చురుక్కుమన్నాయి. చీరకొంగుకి తుడుచుకుంటూ తలెత్తాను.

అతను తన గ్లాసుని అరచెయ్యంతా చుట్టి పట్టుకుని, సముద్రం వైపు చూస్తూ, నింపాదిగా ఊదుకుంటున్నాడు. అంచు దగ్గర రెండు వేళ్ళతో కాదు. మొత్తం చేత్తో.

అతని భార్య గ్లాసు వైపు చూడటం లేదు. నా వైపు చూస్తోంది. చెయ్యి పట్టుకుని నన్ను రెండడుగులు పక్కకి తీసుకెళ్ళింది.

"సూసీసారామ్మా?"

"ఎన్నాళ్ళయింది?"

"రొండు నెల్లు. నాను గుడ్డ అందిచ్చేలోగా అన్నం గిన్ని ఒట్టి సేతుల్తో దించీసినాడు. ఈయనకి తెల్దు. నానేటీ అన్లేదు. ఇప్పుడిప్పుడే నిద్ర పడతందమ్మా. మీ కాల్లట్టుకుంటాను, సెప్పకండి."

ఆమె ఎందుకలా అడిగిందో నాకు అర్థమైంది. ఆ వరండాలో ఒక మధ్యాహ్నం నిలబడినదాన్ని నేను. ఒప్పుకోలేకపోయాను. వెనక్కి వెళ్ళి అతని చేతిలోంచి గ్లాసు తీసి బెంచీ మీద పెట్టాను. అరచెయ్యి తిప్పి చూపించాను. ఎర్రగా కందిపోయి ఉంది. చెప్పాల్సింది చెప్పాను.

అతను ఆ ఎరుపుని బొటనవేలితో రుద్ది చూసుకున్నాడు. భార్య కొంగు నోట్లో కుక్కుకుంది.

"అయితే మంట కూడా వొత్తదా మేడమ్? సేతుల్లోకి?"

"తెలీదయ్యా. రావచ్చు. తొందరగా చూపించుకుంటే తగ్గించవచ్చు. ఇప్పుడే పోదాం పద, నేనూ వస్తాను."

వైజాగ్ బస్సు వచ్చింది. ముగ్గురం ఎక్కాం. కిటికీ పక్కన కూర్చున్నాడు. పక్కన భార్య, వెనక సీట్లో నేను. రుషికొండ దాటుతుండగా ముందుకి వంగి చూశాను. రెండు అరచేతులూ వెల్లకిలా మోకాళ్ళ మీద పెట్టుకుని వాటినే చూస్తున్నాడు. రెప్ప వెయ్యడం లేదు.